రాజు పళ్ళెం మొయ్యడు

ఆవిడ పోయిన మర్నాడు పొద్దున్నే మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. చీర కట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, ఎవరో బలవంతాన నవ్వించినట్టున్న పాత ఫోటో. పక్కన వెలుగుతున్న దీపం బొమ్మ. కింద, "అణకువకు మారుపేరు, అందరితో వినయంగా మెలిగే కళాకారిణి ఇక లేరు" అని రాసి ఉంది. ఆ కింద చేతులు జోడించిన బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడుతున్నాయి.

అణకువ అన్న మాట చదివేసరికి నాకు ఒళ్ళు మండింది. కుడుతున్న జాకెట్టు పక్కన పడేసి గ్రూపులో నాలుగు మాటలు రాశాను, చెరిపాను, మళ్ళీ రాశాను, మళ్ళీ చెరిపాను. ఆవిడకి అణకువ లేదు. చచ్చిపోయాక కూడా లేదు, ఆ సంగతి చివర్లో చెబుతాను. ఉన్నదల్లా పొగరు. మనిషి పోగానే ఆ పొగరంతా ఉతికి, ఇస్త్రీ చేసి, మంచిమనిషిని చేసి సాగనంపుదామనుకుంటే నేనొప్పుకోను. ఆ పొగరు ఆవిడ కష్టపడి సంపాదించుకున్నది.

ఈ గల్ఫ్ ఊళ్ళో, రోలా అనే పేటలో మేముండే ఫ్లాట్‌లో ఆవిణ్ణి అందరం రాజుగారనే పిలిచేవాళ్ళం. అసలు పేరు ఎవరూ పలికేవారు కాదు, నేనూ ఇక్కడ రాయను. గదినిండా రెండంతస్తుల మంచాలు, ఆవిడది కింది మంచం. మంచం మీద కూర్చునే పద్ధతే వేరుగా ఉండేది. కాళ్ళు ఎడం చేసి, కుడి అరచెయ్యి మోకాలి మీద ఆనించి, మోచెయ్యి బయటికి పెట్టి కూర్చునేది. ఆ మోచేతి మూలంగా పక్కమంచం మరియక్క ప్రతిసారీ వంగి దాటుకు పోవాల్సి వచ్చేది. "ఆ రెక్క కాస్త ముడుచుకోండి రాజుగారో" అని మరియక్క గొణిగేది. ఆవిడ ముడుచుకునేది కాదు.

ఫ్లాట్‌లో అందరికీ కొలువులిచ్చింది. మరియక్క సేనాపతి. వెన్ను నొప్పని ఎప్పుడూ మూలిగే సూర్యకాంతం ఆస్థాన వైద్యుడు. నేను మంత్రిని. వారమంతా ఎవరి ఇంట్లోనో గిన్నెలు తోమి వచ్చే మనిషి, సెలవు రోజున మా ఫ్లాట్‌లో గ్లాసు కూడా కడిగేది కాదు. ఆ మాట మీద మరియక్కకీ ఆవిడకీ జరగని యుద్ధం లేదు. "తిన్న కంచం ఎవరు కడుగుతారు?" అని మరియక్క అడిగితే, "రాజ్యంలో ఇంతమంది ఉన్నారు, ఒక్కళ్ళకీ చేతుల్లేవా సేనాపతీ?" అనేది. అని మళ్ళీ గొంతు తగ్గించి, "ఏవే, ఈ పూటకి కానియ్. రేపట్నుంచి ఎలాగూ నా బతుకదేగా" అనేది. మరియక్క తిట్టుకుంటూ కడిగేది.

ఇక బాత్రూమ్‌లో ఆలాపన. లోపల ఆవిడ ఒక రాగం ఎత్తుకుందంటే బయట మేం డ్యూటీలకి ఆలస్యమైనట్టే. తలుపు బాదితే రాగం ఇంకా సాగేది. పద్యం సగంలో మాటలు మర్చిపోయేది కూడా, అయితే ఆ సంగతి ఒప్పుకునేది కాదు. మర్చిపోయిన చోట రాగం పొడుగ్గా లాగి, దొరికిన మాట ఏదో పెట్టి ముగించేది. "జనం మాట కోసం రారు మంత్రీ, దమ్ము కోసం వస్తారు" అనేది తల తుడుచుకుంటూ.

ఆవిడ మొదటిసారి నాకు కనబడింది నేను పనిచేసే టైలరింగ్ షాపులో. కరోనా తగ్గీ తగ్గని రోజులవి. రోలా వీధుల్లో జనం మాస్కులు పెట్టుకుని మళ్ళీ ఒకళ్ళనొకళ్ళు తోసుకుని తిరగడం మొదలెట్టారు. శుక్రవారం, ఓనరు నమాజుకి వెళ్ళాడు. ఆవిడ అద్దాల తలుపు తీసి గుమ్మంలో ఆగిపోయింది. లోపలికీ రాదు, బయటికీ పోదు. ఏసీ చల్లదనమంతా బయటికి పోతోందని, "రండి లోపలికి" అన్నాను. అప్పుడు కుడికాలు ముందుపెట్టి వచ్చింది. తర్వాత తెలిసింది, ఏ తలుపు దగ్గరైనా ఆవిడ అలాగే ఆగుతుందని. లిఫ్టు దగ్గరా అంతే, బస్సు మెట్ల దగ్గరా అంతే. తెర లేచాక రాజు ఒక్క క్షణం నిలబడాలట, జనం కళ్ళారా చూసుకోవడానికి. గబగబా వచ్చేసేవాడు భటుడట.

"రాజు కోటు కుట్టాలి" అంది.

"ఎవరికండీ? బాబుకా? స్కూలు ఫంక్షనా?"

"నాకు."

నవ్వొచ్చింది, మాస్కు ఉండబట్టి సరిపోయింది. టేపు తీసి కొలతలు పడుతుంటే ఛాతీ విరిచి నిలబడింది. ఆడవాళ్ళెవరూ కొలతలకి అలా నిలబడరు, అందరూ కాస్త ముడుచుకుంటారు. చంక దగ్గర కొలత తీస్తుంటే, "అక్కడ బాగా వదులు పెట్టు" అంది.

"వదులు పెడితే చెయ్యెత్తినప్పుడు కోటు మొత్తం లేచిపోద్దండి. షేపు పోతుంది."

"కోటు లేచినా పర్లేదమ్మాయ్. చెయ్యి లేవాలి. జాకెట్టు చంకలతో రాజ్యాలేలలేం."

"ఏం నాటకమండీ?"

"ఇంకా అనుకోలేదు. కోటుంటే నాటకం అదే వస్తుంది."

మా వీధి చివర బట్టలకొట్లో మిగిలిన మెరూన్ వెల్వెట్ తెచ్చుకుంది. అంచుకి తన పాత పట్టుచీర జరీ విప్పించింది. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, నా స్టూలు లాక్కుని, మోచెయ్యి బయటికి పెట్టి కూర్చుని కోటు ఎంతవరకూ వచ్చిందో చూసేది. నేను కుడుతుంటే తన నాటకాల సంగతులు చెప్పేది.

అవి ఒక వరసలో వచ్చేవి కావు. ఒకరోజు గోదావరి లంకల్లో ఏదో తీర్థంలో స్టేజీ బల్లలు విరిగి సింహాసనంతో సహా కూలబడిన సంగతి చెప్పేది. ఇంకోరోజు తనకి వెండి కిరీటం పెట్టిన ఊరి సంగతి. ఆ ఊరి పేరు చెప్పిన ప్రతిసారీ మారేది, కిరీటం బరువు పెరిగేది. నేను పట్టుకుంటే, "నువ్వు కుట్టమ్మాయ్" అనేది.

చిన్నప్పుడు ఆవిడ కట్టింది చెలికత్తె వేషం. సింహాసనం పక్కన నిలబడి వింజామర వీచడమే పని. ఒక ఊళ్ళో రాజు వేషం కట్టే ఆయన కల్లు ఎక్కువై స్టేజీ వెనక గడ్డివాము దగ్గర పడిపోయాడు. జనం ఈలలు. నాటకాల కంట్రాక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు. రోజూ పక్కన నిలబడి విన్న పద్యాలే కదా అని ఈవిడ మీసం అంటించుకుని వెళ్ళి సింహాసనం మీద కూర్చుంది. "తెల్లారి ఆయన లేచి చూసుకునేసరికి రాజ్యం పోయింది" అని చెప్పి పగలబడి నవ్వేది. ఆ తర్వాత మళ్ళీ ఆడవేషం కట్టలేదు. మీసం తీసేశాక మజ్జిగిచ్చే ఆడవాళ్ళు ఈ పిల్లేనా ఆ రాజు అని బుగ్గలు పట్టుకుని చూసేవారట.

తర్వాత రికార్డింగ్ డాన్సులొచ్చాయి, నాటకాలు పోయాయి. అందరూ ఆ సంగతి ఏడుస్తూ చెబుతారు. ఆవిడ ఏడవలేదు. "ఆఖరి నాటకంలో నేను పద్యం ఎత్తుకుంటే కుర్రాళ్ళు పాట వెయ్యమని అరిచారు. పద్యం ముందుకు సాగనిచ్చేలా లేరు. స్టేజీ అంచుదాకా వచ్చి, ఈ పద్యం అయ్యేదాకా ఒక్కడు కదలడానికి వీల్లేదన్నాను."

"ఆగారా?"

"లేదు, పోయారు. మొత్తం పోయారు. హార్మోనిస్టు కూడా పెట్టె సర్దుతున్నాడు. అయినా పూర్తి చేశాను. మొదలుపెట్టింది నేను, ఆపమండానికి వాళ్ళెవరు?"

కోటుకి గుండీలు కుడుతున్న రోజున ఆవిడ రంగు సంగతి చెప్పింది. వాళ్ళ నాటక సమాజంలో ఒక కట్టుబాటు ఉండేదట. ముఖానికి రంగు వేసుకునే ముందు నటుడు అందరికీ దణ్ణం పెట్టాలి. స్టేజీ బల్లలకి, హార్మోనియం పెట్టెకి, పెద్దవాళ్ళకి, టీ తెచ్చే మనిషికి కూడా. ఒకసారి రంగు పడ్డాక మాత్రం రాజు ఎవరికీ దణ్ణం పెట్టడు. ఎవరికోసమూ లేచి నిలబడడు, ఎవరి పనీ చెయ్యడు. రంగు తుడిచేదాకా కంట్రాక్టరు కూడా రాజుని తిట్టకూడదు, ఎంత కోపమొచ్చినా బయట నిలబడి కాచుకోవాలి. "మరి నాటకంలో రాజు ముని కాళ్ళ మీద పడతాడు కదా?" అన్నాను నేను. "అది రాజు పడ్డం. అది వేరు" అంది. అప్పుడు నాకు సరిగ్గా అర్థం కాలేదు.

ఆవిడ పనిచేసే ఇల్లు అల్ నహ్దాలో. మనవాళ్ళే. ఇంటావిడ ఇక్కడి తెలుగువాళ్ళ సంఘంలో సాంస్కృతిక కార్యక్రమాలు చూసేది. అందరూ మేడం అనేవారు, నేనూ అలాగే అంటాను. మేడం చెడ్డమనిషి కాదు. జీతం ఆపలేదు, తిండికి లోటు చెయ్యలేదు, పాస్‌పోర్టు దాచుకోలేదు. ప్రతి ఫంక్షన్‌కీ ఈవిడ చేత గారెలు వండించేది, స్టేజీ మీద పెద్దలకి సన్మానం జరిగేటప్పుడు శాలువాలు, షీల్డులు పెట్టిన పళ్ళెం ఈవిడ చేతికిచ్చి వెనక నిలబెట్టేది. గ్రూపులో వచ్చిన ఆ ఫోటో అలాంటి ఫంక్షన్‌లో తీసిందే. పళ్ళెం కనబడకుండా కత్తిరించారు.

ఆ ఏడు ఫంక్షన్‌కి పద్యనాటకంలో ఒక ఘట్టం వేద్దామనుకున్నారు. ఒక రాజు, ఒక ముని, ఒక చెలికత్తె. రాజు వేషం మేడం వాళ్ళాయన స్నేహితుడికి. నాకూ నాటకాలు వచ్చు అని ఈవిడ అడిగితే, మేడం సంతోషంగానే చెలికత్తె వేషం ఇస్తానంది. ఈవిడ ఏమందో చెప్పడానికి అదే రోజు షాపుకి వచ్చింది.

"చెలికత్తె వేషం రోజూ మీ ఇంట్లో కడుతూనే ఉన్నానండి, స్టేజీ మీద కూడానా? అన్నాను."

"అమ్మో. మేడం ఏవందండీ?"

"నవ్వింది. నేను నవ్వలేదు."

ఫంక్షన్ రోజు పొద్దున్న ఆ స్నేహితుడికి కరోనా తేలింది. హాలు తీసుకున్నారు, జనాన్ని పిలిచారు, రాజు లేడు. మేడం ఈవిడ వైపు చూసిందట. ఈవిడ లోపలికి వెళ్ళి కోటు తెచ్చుకుంది. కోటుంటే నాటకం వస్తుందని ఊరికే అనలేదు. గుండీలవీ చూడ్డానికి నన్ను రమ్మంది. నేను హాలుకి వెళ్ళేసరికి స్టేజీ వెనక అందరికీ దణ్ణాలు పెడుతోంది. మేడంకి పెట్టింది, మేడం భర్తకి పెట్టింది, కుర్చీలు సర్దే బెంగాలీ మనుషులకి పెట్టింది, నాకు కూడా పెట్టింది. తర్వాత స్టీలు టిఫిన్ డబ్బా తీసి, అందులోంచి రంగు తీసి ముఖానికి రాసుకుంది.

ఆ నాటకం గురించి ఎక్కువ చెప్పను, చూడని వాళ్ళకి చెప్పినా అందదు. తెర లేచాక ఆవిడ ఒక్క క్షణం నిలబడింది. హాలంతా సద్దుమణిగింది. చెయ్యి ఎత్తినప్పుడు కోటు లేచింది, నేను చెప్పినట్టే, కానీ ఆ చెయ్యి ఎక్కడిదాకా వెళ్ళిందో చూసి నేను నోరు మూసుకున్నాను. ఘట్టం చివర రాజు ముని కాళ్ళ మీద పడి ఏడవాలి. పడింది. ఏడ్చింది. ముని వేషం వేసింది బ్యాంకులో పనిచేసే ఒకాయన, ఆయన తన మాటలు మర్చిపోయి తనూ కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

తెర పడ్డాక ఆవిడ వచ్చి స్టేజీ వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. చెమటకి ఊడుతున్న మీసాన్ని అద్ది, లేచిపోయిన కోటు అంచుకి నేను సూదులు గుచ్చుతున్నాను. మేడం హడావుడిగా వచ్చింది. ముఖ్య అతిథి వచ్చేశాడు, ఆయన మేడం భర్త పనిచేసే కంపెనీ యజమాని. సన్మానం మొదలైపోతోంది.

"చాలా బాగా చేశావ్. పద, పళ్ళెం పట్టుకుని రా. శాలువాలు అందులోనే ఉన్నాయి."

"రంగు మీదున్నానండి" అంది ఆవిడ.

"అయితే?"

"రంగు తుడుచుకుని తెస్తాను."

"అంతసేపు ఆయన స్టేజీ మీద నిలబడాలా?"

"నిలబడలేకపోతే ఇంకెవరైనా తెస్తారు. రాజు పళ్ళెం మొయ్యడండి."

మేడం నవ్వబోయి ఆగింది. ఆవిడ ముఖం చూసింది. అప్పటిదాకా మేడంకి అది ఆటలాగే ఉన్నట్టుంది. "నీ వీసా ఎవరిమీద ఉందో గుర్తుందా?" అంది మెల్లిగా, చుట్టూ ఉన్నవాళ్ళకి వినబడకుండా.

"ఉందండి. వీసా నాది, దాన్నేం చేస్తారో మీ ఇష్టం. ఈ రంగు నాది కాదు."

మేడం నా వైపు తిరిగింది. "నా చేతినిండా సూదులున్నాయండి" అన్నాను. నిజంగానే ఉన్నాయి. ఇంతలో ముఖ్య అతిథే లోపలికి వచ్చాడు, కళాకారులతో ఫోటో దిగుదామని. అందరూ లేచి నిలబడ్డారు. ఈవిడ లేవలేదు. ఆయన మంచి ఉత్సాహంలో ఉన్నాడు. "ఏం రాజుగారూ, మాకు దణ్ణం లేదా?" అన్నాడు. ఆవిడ కుర్చీలోంచే ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ముందు తమరు పెట్టాలి. సభకొచ్చినవాళ్ళు పెడతారు, రాజు అందుకుంటాడు" అంది. ఆయన గట్టిగా నవ్వేశాడు. మేడం భర్త మాత్రం నవ్వలేదు. ఆ రోజు శాలువాల పళ్ళెం మేడమే మోసింది.

కార్యక్రమం అయ్యాక ఆవిడ రంగు తుడుచుకుంటుందనుకున్నాను. దూదీ, కొబ్బరినూనె నేనే తీసి పెట్టాను. ఆవిడ వాటి వైపు చూడలేదు. "పద" అంది. మేడం వాళ్ళు కారులో ముందు వెళ్ళిపోయారు, ఈవిణ్ణి ఎక్కించుకోలేదు. ఇంకా సాయంత్రం ఎండ ఉంది. కిరీటం చంకలో పెట్టుకుని, కోటుతో, మీసంతో టాక్సీ ఎక్కింది. డ్రైవరు పఠాను, అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. చివరికి ఉండబట్టలేక, "కౌన్ సా ఫిల్మ్ హై?" అన్నాడు.

"ఫిల్మ్ నహీ. డ్రామా. మై బాద్‌షా హూఁ" అంది.

"అచ్ఛా. బాద్‌షా సలామత్, సీట్ బెల్ట్ లగాయియే" అన్నాడు అతను. ఆవిడ బెల్టు పెట్టుకుంది.

ఇంటి దగ్గర తలుపు తీశాక కూడా గుమ్మంలో ఆగింది. ఎప్పటిలాగే. లోపల సోఫాలో మేడం, ఆవిడ భర్త. ఆయన చాలా నెమ్మదిగా మాట్లాడాడు. "చూడమ్మా, మా బాస్ ముందు మా పరువు తీశావు. అయినా నిన్ను పంపించెయ్యాలని మాకు లేదు. ఒక్కసారి మేడం కాళ్ళకి దణ్ణం పెట్టి తప్పయిందను. ఖలాస్, అందరం మర్చిపోదాం."

"ముందు ఆ మొహం కడుక్కుని రా" అంది మేడం.

ఆవిడకి ఏం పోతుందో ఆవిడకి బాగా తెలుసు. ఊళ్ళో కూతురుంది, ఇక్కడ వీసా ఆ ఇంటిదే, ఈ వయసులో ఇంకొకళ్ళు పెట్టుకుంటారన్న నమ్మకం లేదు. కడుక్కో అక్కా, ఎవరు చూడొచ్చారు అని నా నోటిదాకా వచ్చింది.

"కడుక్కుంటే పెట్టాల్సొస్తుందండి" అంది. "అందుకే కడుక్కోలేదు."

సంచీ సర్దుకుని, వంటింటి తాళాలు బల్లమీద పెట్టి, వచ్చేసింది. కిందికి దిగేటప్పుడు లిఫ్టులో నేను ఏడుస్తుంటే నన్ను కసిరింది. మా ఫ్లాట్‌కి వచ్చి, గుమ్మంలో ఆగి, కుడికాలు పెట్టి, మరియక్క మంచం పక్కన ఖాళీగా ఉన్న కింది మంచం మీద కూర్చుని, "ఇప్పుడు తే ఆ దూది" అంది. రంగు తుడుచుకున్నాక మా అందరికీ పేరుపేరునా దణ్ణం పెట్టి, కొన్నాళ్ళు ఇక్కడ తలదాచుకోనిస్తారా అని అడిగింది. అలా అడిగినప్పుడు గొంతు వణికింది. అది నేను మర్చిపోలేదు. ఆ పొగరు వెనక భయం లేదని ఎవరైనా అనుకుంటే వాళ్ళకి ఆవిడ తెలియదు.

వీసా రద్దయింది. దేశం వదిలి వెళ్ళాల్సిన గడువులోపల ఒక మలయాళీ కుటుంబం వాళ్ళ ముసలమ్మని చూసుకోవడానికి పెట్టుకుని వీసా మార్చుకున్నారు. సెలవులకి మా దగ్గరికే వచ్చేది. సంఘం వాళ్ళు మళ్ళీ ఆవిణ్ణి పిలవలేదు. మేడం ఒకసారి ఎవరిచేతో కబురు పంపింది, వచ్చి ఒక మాట చెబితే మళ్ళీ వేషం ఇస్తామని. "మాటా? పద్యమైతే చెబుతానను" అని తిప్పి పంపింది.

బనియాస్‌లో ఒకసారి వేసింది. అక్కడ పనిచేసే తెలంగాణ అన్నలు ఏదో పండక్కి చిన్న సభ పెట్టుకుంటే మరియక్క తమ్ముడి ద్వారా ఈవిణ్ణి పిలిచారు. చెక్క ప్యాలెట్లు పేర్చి స్టేజీ కట్టారు. ఆవిడ ఆ ప్యాలెట్లకి కూడా దణ్ణం పెట్టింది. యుద్ధంలో బాణం తగిలి రాజు చచ్చిపోయే పద్యం పాడి, పడిపోయింది. పాతరోజుల్లో ఇలాంటి చోట జనం వన్స్ మోర్ అని అరిస్తే చచ్చిన రాజు లేచి మళ్ళీ పద్యం పాడి మళ్ళీ చచ్చేవాడని మాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆ అన్నలకి ఆ సంగతేం తెలుసు, ఈలలేశారు. ఆవిడ పడుకునే ఒక కన్ను తెరిచి నా వైపు చూసింది. నాకు అర్థమై, "వన్స్ మోర్" అని అరిచాను. లేచింది. మొత్తం మళ్ళీ పాడింది, మొదటిసారి మర్చిపోయిన మాటలతో సహా. మళ్ళీ చచ్చింది. జగిత్యాల అన్న ఒకాయన వచ్చి, "ఏం పాడినవక్కా. సగం సమజ్ కాలే గని, మీద వెంట్రుకలు లేసినయ్" అన్నాడు. ఆవిడ కుర్చీలో కూర్చునే తల పంకించింది. రంగు మీదుంది మరి.

మొన్న నిద్రలోనే పోయింది. గుండె ఆగిపోయిందన్నారు. ఆ మలయాళీ కుటుంబమే అన్నీ చూసి, ఊరికి పంపే ఏర్పాట్లు చేసింది. శవానికి మందు పట్టించి పెట్టెలో పెట్టే చోటికి మనవాళ్ళెవరైనా బట్టలు తీసుకుని రావచ్చన్నారు. ఊళ్ళో కూతురికి ఫోన్ చేశాను. "ఏ చీర కట్టమంటావమ్మా?" అని అడిగాను.

ఆ పిల్ల కాసేపు ఏడ్చి, "మీ దగ్గర ఆ కోటుందా అక్కా?" అంది.

"ఉంది."

"అదే తొడగండి. చీర కట్టి పంపితే మా ఊళ్ళో అమ్మని ఎవరూ గుర్తుపట్టరు."

నేనూ మరియక్కా వెళ్ళాం. కోటు తొడగడం కష్టమవుతుందని భయపడ్డాను. అవలేదు. చంకలు అంత వదులుగా పెట్టించుకుంది కాబట్టి, బిగుసుకున్న చేతులకి కూడా సులువుగా ఎక్కింది. టిఫిన్ డబ్బా తీసి ముఖానికి రంగు వేశాను, ఆవిడ ఎలా వేసుకునేదో చూసి ఉన్నాను కదా. మీసం అంటించాను. మరియక్క కాళ్ళ దగ్గర నిలబడి, "వన్స్ మోర్ అంటే లేస్తాదేమోనే" అంది. అని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను అరవలేకపోయాను.

అప్పుడు చూశాను చేతులు. నేను రంగు వేస్తుండగా అక్కడ పనిచేసే ఆయన పద్ధతి ప్రకారం రెండు అరచేతులూ కలిపి, బొటనవేళ్ళు తెల్లటి గుడ్డపేలికతో కట్టి, గుండెల మీద దణ్ణం పెట్టినట్టు ఉంచాడు. "ఇది విప్పాలి" అన్నాను.

"అందరికీ ఇలాగే చేస్తాం" అన్నాడు హిందీలో.

"తెలుసు. ఈవిడకి వద్దు."

ఆయన నన్నూ, ఆ మీసాన్నీ చూసి ఏమనుకున్నాడో, పక్కకి తప్పుకున్నాడు. నా సంచీలో కత్తెర ఎప్పుడూ ఉంటుంది. పేలిక కత్తిరించి, చేతులు మెల్లిగా విడదీశాను. కుడిచెయ్యి గుండెల మీద, ఎడమచెయ్యి నడుం పక్కన పెట్టాను. మోచెయ్యి పెట్టెకి ఆనుకుంది, కాస్త బయటికే. మరియక్క ఆ మోచేతిని ముట్టుకుని, "ఉండనీ" అంది.

సంఘం వాళ్ళు పూలదండ తీసుకుని వచ్చారు. ముందు మేడం ఉంది. జుట్టు నెరిసింది. పెట్టె దగ్గరికి వచ్చి కోటు చూసింది, రంగు చూసింది, విడిగా ఉన్న ఆ చేతుల్ని చాలాసేపు చూసింది. నేను కత్తెర చేతిలో పట్టుకునే నిలబడ్డాను, ఏదైనా అంటే అందామని. మేడం దండ పక్కవాళ్ళకిచ్చి, చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

రాజు పెట్టలేదు.